మంది పెరిగితే గుంపులు: వాల్డార్ఫ్ నుంచి స్నేహాల లెక్క

“వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి” అన్నారు మన పెద్దలు. “ఏ గూటి పక్షి ఆ గూటికే చేరుతుంది” అని ఇంకో సామెత. మనుషులు తమలాంటివాళ్ళతోనే స్నేహం కట్టడం ఎవరూ కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. కానీ ఎందుకు కడతారు, ఎంతమేరకు కడతారు, దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నవి మాత్రం గత డెబ్భై ఏళ్ళుగా సామాజిక శాస్త్రవేత్తలు లెక్కలు వేసి మరీ చూస్తున్న ప్రశ్నలు. ఈ ధోరణికి “హోమోఫిలీ” అని పేరు పెట్టింది పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు, 1954లో. గ్రీకులో “హోమో” అంటే ఒకేలాంటి, “ఫిలియా” అంటే స్నేహం. తెలుగులో “సమమైత్రి” అనుకుందాం, ఈ వ్యాసం వరకూ.

నేను సామాజిక శాస్త్రం చదివినవాణ్ణి కాదు. ఖమ్మం జిల్లాలో పుట్టి, జర్మనీలో ఇంజినీరింగ్ మాస్టర్స్ చేసి, 2016 నుంచి వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. అయితే ఈ విషయాన్ని దగ్గరనుంచి చూడటానికి వాల్డార్ఫ్ లాంటి ఊరు అరుదు. హైడెల్‌బర్గ్‌కి దక్షిణాన పదిహేను కిలోమీటర్ల దూరంలో, పదిహేను వేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న ఊరు ఇది. 1972లో ఐదుగురు మాజీ ఐ.బి.ఎం. ఉద్యోగులు మొదలుపెట్టిన ఎస్.ఏ.పి. కంపెనీ 1977లో ఇక్కడికి మకాం మార్చింది. ఆ తర్వాత ఈ పల్లెటూరి ఆస్పరాగస్ పొలాల మధ్యకి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

ముందు కొంచెం లెక్క

ఒక ఆఫీసులో వెయ్యి మంది ఉన్నారనుకోండి. అందులో యాభై మంది తెలుగువాళ్ళు. ఏ పక్షపాతమూ లేకుండా, చీటీ తీసినట్టు స్నేహాలు కుదిరితే, నాకున్న ప్రతి ఇరవై మంది స్నేహితుల్లో ఒక్కరే తెలుగువారు అవ్వాలి. అంతవరకూ జనాభా లెక్క. ఇరవైలో పన్నెండుమంది తెలుగువాళ్ళే అయితే? ఆ ఒకటికీ పన్నెండుకీ మధ్య ఉన్న తేడాయే అసలు సమమైత్రి. “మనవాళ్ళు మనవాళ్ళతోనే తిరుగుతారు” అని ఊరికే అనేసే ముందు ఈ తీసివేత చెయ్యాలి.

ఇంకో లెక్క ఉంది. పీటర్ బ్లావ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1977లో రాసిన పుస్తకంలో దీన్ని వివరించాడు. పది మంది తెలుగువాళ్ళు, తొంభై మంది జర్మన్లు ఉన్నచోట, ఒక్కొక్కరికి ఒకటి చొప్పున పది తెలుగు-జర్మన్ స్నేహాలు కుదిరాయనుకుందాం. మనలో ప్రతి ఒక్కరికీ ఒక జర్మన్ స్నేహితుడు ఉన్నట్టు. కానీ వాళ్ళలో తొమ్మిదిమందికి ఒకరికే తెలుగు స్నేహితుడు! అవే పది స్నేహాలు మన వైపు నుంచి చూస్తే నిండుగా, వాళ్ళ వైపు నుంచి చూస్తే వెలితిగా కనిపిస్తాయి. చిన్న గుంపులో ఉన్నవాళ్ళు బయటివాళ్ళతో కలవక తప్పదు. పెద్ద గుంపుకి ఆ అవసరం ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఎంచుకున్నామా, ఎదురుపడ్డామా?

స్నేహితుల్ని మనమే ఎంచుకున్నామని మన నమ్మకం. అది సగమే నిజం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థి కుటుంబాల కోసం కట్టిన వెస్ట్‌గేట్ ఇళ్ళలో లియాన్ ఫెస్టింగర్ బృందం ఒక పరిశీలన చేసి, 1950లో ప్రచురించింది. అక్కడ ఎవరికి ఏ వాటా రావాలన్నది వాళ్ళ ఇష్టం కాదు. అయినా పక్క వాటావాళ్ళని దగ్గరి స్నేహితులుగా చెప్పినవాళ్ళు 41 శాతం, అదే అంతస్తులో ఆ చివరి వాటావాళ్ళని చెప్పినవాళ్ళు 10 శాతం. నాలుగు తలుపుల దూరానికే అంత తేడా!

1981లో స్కాట్ ఫెల్డ్ ఇంకో అడుగు వేశాడు. స్నేహాలు గాలిలో పుట్టవు, మనుషులు మళ్ళీ మళ్ళీ కలిసే ఒక కేంద్రం చుట్టూ పుడతాయి అన్నాడు. ఆఫీసు, బడి, గుడి, ఆటస్థలం లాంటివి ఆ కేంద్రాలు. ఒక కేంద్రానికి వచ్చేవాళ్ళంతా ముందే ఒకేలాంటివాళ్ళయితే, అక్కడ పుట్టే స్నేహాలు కూడా అలాగే ఉంటాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు.

మా ఆఫీసు కాంటీన్‌లో ఇది రోజూ కనిపిస్తుంది. జర్మన్ సహోద్యోగులు పదకొండున్నరకే “మాల్‌త్సైట్” అని పలకరించుకుంటూ భోజనానికి లేస్తారు. మనకి ఆ వేళకి ఆకలెక్కడిది? ఒంటిగంటకి మనం వెళ్ళేసరికి అక్కడ మిగిలేది మనమే. టిఫిన్ డబ్బా తెచ్చుకున్నవాళ్ళు మైక్రోవేవ్ దగ్గర వరసలో నిలబడతారు, అక్కడే పరిచయాలు. పప్పు పోపు వాసన మీద మొదలైన స్నేహాలు నాకే మూడు ఉన్నాయి. ఎవరూ ఎవర్నీ వెలివెయ్యలేదు. గడియారం, మైక్రోవేవ్ కలిసి చేసిన పని అది.

జర్మన్లకీ వాళ్ళ గూళ్ళు ఉన్నాయి. ఊళ్ళోని బీరు హోటల్లో ఒక బల్ల మీద “ష్టామ్‌టిష్” అని బోర్డు ఉంటుంది. రోజూ వచ్చే పాత మిత్రుల బల్ల అది. వాళ్ళు రాకపోయినా కొత్తవాళ్ళు అందులో కూర్చోరు.

ఈ ఊరి కుర్రాడి కథ

సమమైత్రి వల్ల లాభం ఏమిటో చెప్పటానికి ఈ ఊరి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1763లో వాల్డార్ఫ్‌లో ఒక కసాయి ఇంట్లో యోహాన్ యాకోబ్ ఆస్టర్ పుట్టాడు. పెద్ద చదువు లేదు. లండన్‌లో వాద్య పరికరాలు తయారుచేసే అన్న దగ్గరికి ముందు వెళ్ళాడు. అక్కణ్ణించి అమెరికాకి ఓడెక్కి 1784లో దిగాడు. న్యూయార్క్‌లో అప్పటికే మాంసం వ్యాపారం చేస్తున్న ఇంకో అన్న ఉన్నాడు. ఉన్నితోలు వ్యాపారంలో లాభం ఉందని ఓడలో సాటి జర్మన్ ప్రయాణీకుడు చెప్పాడని ఆయన జీవితచరిత్రలు రాసినవాళ్ళు అంటారు. అన్న, ఇంకో అన్న, ఊరి భాష మాట్లాడే తోటి ప్రయాణీకుడు! మనం అమీర్‌పేట నుంచి బయల్దేరి సీనియర్ల గదిలో దిగినట్టే లేదూ?

కానీ కథ అక్కడ ఆగలేదు. 1785లో ఆయన సారా టాడ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె జర్మన్ కాదు, తను అద్దెకున్న ఇంటి యజమానురాలి కూతురు. ఆమె తెచ్చిన మూడు వందల డాలర్లు, న్యూయార్క్ పాత కుటుంబాలతో ఆమెకున్న బంధుత్వాలు, ఉన్నితోలు నాణ్యం పట్టే ఆమె నేర్పు ఆ వ్యాపారానికి పునాది అయ్యాయి. 1848లో పోయేనాటికి ఆస్టర్ అమెరికాలోకెల్లా ధనవంతుడు. తన వీలునామాలో పుట్టిన ఊరి పేదలకోసం యాభై వేల డాలర్లు రాశాడు. ఆ డబ్బుతో వచ్చిన ఆస్టర్ భవనం ఇప్పటికీ ఇక్కడ ఉంది. తనవాళ్ళ చెయ్యి పట్టుకుని గడప దాటాడు, పరాయివాళ్ళ చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. ఆ రెండు చేతులూ కావలసినవే.

మేస్త్రీ పద్ధతి

మన చరిత్రలో దీనికి చేదు ఉదాహరణ ఉంది. బ్రిటిష్ కాలంలో మన కోస్తా జిల్లాలనుంచి వేలమంది కూలీలు బర్మాకి వెళ్ళేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వాళ్ళని అక్కడ “కోరంగీలు” అనేవారు. తీసుకెళ్ళింది మేస్త్రీలు. మేస్త్రీ తన ఊరివాళ్ళని, తనకి తెలిసినవాళ్ళని పోగుచేసి, అడ్వాన్సు ఇచ్చి, ఓడెక్కించి, ఒకే ముఠాగా పనిలో పెట్టేవాడు. కొత్త దేశంలో అదొక రక్ష, అప్పుతో బిగించిన సంకెల కూడా.

రంగూన్ రేవులో సరుకు ఎత్తి దించే పనంతా దాదాపు తెలుగు ముఠాల చేతుల్లో ఉండేది. 1930 మే నెలలో కూలీ పెంచమని వాళ్ళు సమ్మె చేశారు. యజమానులు బర్మీయుల్ని పనిలోకి తెచ్చారు. సమ్మె తేలిపోయి తెలుగువాళ్ళు తిరిగి వచ్చేసరికి బర్మీయుల పని ఊడింది. గొడవ రాజుకుంది, ఊరంతా పాకింది, ఎంతోమంది మనవాళ్ళు చనిపోయారు. అల్లర్లకి ఆర్థిక మాంద్యం, వలస పాలన లాంటి పెద్ద కారణాలున్నాయి. కానీ పక్కపక్కన ఒకే చోట బతుకుతూ, ఒక్క ముఠాలోనూ కలిసి పనిచెయ్యని రెండు జాతుల మధ్య నిప్పు పడితే ఆర్పటానికి మధ్యలో ఎవరు నిలబడతారు?

ఇప్పుడు మేస్త్రీ లేడు, కానీ “రెఫరల్” ఉంది. తెలిసినవాళ్ళని తీసుకొస్తే బోనస్ అని చాలా కంపెనీలు ప్రకటిస్తాయి. తెలిసినవాళ్ళంటే ఎవరు? అదే కాలేజీ, అదే జిల్లా, చాలాసార్లు అదే కులం. అప్పు లేదు, సంకెల లేదు, కానీ ముఠా కట్టే తీరులో పెద్ద మార్పు లేదు.

మంది ఎక్కువైతే...

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అవుతుంది, తెలుసు. స్నేహాల విషయంలో మాత్రం మంది ఎక్కువైతే మజ్జిగ చిక్కబడుతుంది!

2000 ఆగస్టులో జర్మనీ “గ్రీన్ కార్డ్” పథకం పెట్టి ఇరవై వేలమంది వరకూ ఐ.టి. నిపుణుల్ని రానిస్తామంది. అది 2004 చివరికి ముగిసింది. “మనకి భారతీయులు వద్దు, పిల్లలు కావాలి” అనే అర్థం వచ్చే నినాదం ఆ 2000లోనే ఒక రాష్ట్ర ఎన్నికల్లో మోగింది. తర్వాత 2012 ఆగస్టులో బ్లూ కార్డ్ వచ్చింది. ఆ మొదటి తరంలో వచ్చిన ఒక అన్నయ్య నాతో అనేవారు: “అప్పుడు ఇక్కడ మేము నాలుగు కుటుంబాలం. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది కడప, ఒకరిది నల్గొండ, మాది తెనాలి. ఉగాది పచ్చడి ఒకే గిన్నెలో కలిపేవాళ్ళం. ఎవరి కులం ఏమిటో అడగటానికి కూడా మనుషులు సరిపోయేవాళ్ళు కాదు!”

ఇప్పుడు వాల్డార్ఫ్, వీస్‌లోఖ్, హైడెల్‌బర్గ్ కలుపుకుంటే ఒకే సాయంత్రం రెండు మూడు చోట్ల బతుకమ్మ ఆడుతున్నారు, ఉగాదులు జరుగుతున్నాయి. సంతోషమే. కానీ ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో గమనిస్తే గీతలు కనిపిస్తాయి. మొదట రాష్ట్రం, తర్వాత జిల్లా, తర్వాత పైకి చెప్పనిది.

ఇదీ లెక్కేనని చెప్పే పరిశోధన ఒకటి ఉంది. 2012లో ఏంజెలా బాన్స్, ఆమె సహచరులు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పెద్ద విశ్వవిద్యాలయంలోనూ, అదే రాష్ట్రపు చిన్న కాలేజీల్లోనూ జంటలుగా కబుర్లు చెప్పుకుంటున్న విద్యార్థుల అభిప్రాయాలు, అలవాట్లు పోల్చారు. రకరకాల మనుషులు వేలల్లో ఉన్న పెద్ద క్యాంపస్‌లో స్నేహితులు మరింత ఒకేలా ఉన్నారు. ఎంపిక తక్కువ ఉన్న చిన్న కాలేజీల్లో స్నేహితుల మధ్య తేడాలు ఎక్కువ, అయినా దగ్గరితనం తగ్గలేదు. ఎంచుకునే వీలు పెరిగేకొద్దీ మనం అద్దాన్నే ఎంచుకుంటాం అన్నమాట.

అమెరికా తెలుగు సంఘాల చరిత్రా అదే దారి. 1977లో న్యూయార్క్‌లో ఒక్క మహాసభతో మొదలైంది తానా. 1990ల మొదట్లో ఆటా వచ్చింది. ఆ తర్వాత ఇంకా ఎన్నో. ప్రతి దానికీ మంచి పనులున్నాయి. కానీ వాటి మధ్య గీతలు ఏ ప్రాతిపదికన పడ్డాయో ఏ తెలుగువాడినడిగినా గొంతు తగ్గించి చెబుతాడు. జర్మనీలో అయితే ఇంకా సులువు. ఇక్కడి చట్టం ప్రకారం సంఘం రిజిస్టరు చెయ్యటానికి ఏడుగురు సభ్యులు చాలు. ఏడుగురు అలిగితే ఇంకో సంఘం!

నాలుగో ప్రశ్న

ఇంతవరకూ లెక్కల గురించి మాట్లాడాను. లెక్క ఎవరి మీద పడుతుందో ఇప్పుడు చెబుతాను.

గుంటూరు జిల్లానుంచి వచ్చిన ఒక సహోద్యోగిని నాతో అన్న మాట ఇది: “జర్మన్లు నన్ను ‘ఇండియానా?’ అని అడిగి ఆగిపోతారండీ. మనవాళ్ళు ఏ ఊరు అంటారు, ఇంటిపేరు ఏమిటంటారు, అక్కడ ఫలానావాళ్ళు మీకేమవుతారంటారు. నాలుగో ప్రశ్నకి ముందు ఒక్క క్షణం ఆగుతారు చూడండి, అప్పుడు వాళ్ళకి అర్థమైపోయిందని నాకు తెలుస్తుంది. మళ్ళీ వారం భోజనానికి పిలుపు రాదు.” ఆవిడ దళిత కుటుంబం నుంచి వచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు.

మన దేశంలో 2011-12లో జరిగిన మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు దాదాపు ఐదు శాతమే. వియ్యానికి సమ ఉజ్జీ వెతికే అలవాటు సూట్‌కేసులో పచ్చళ్ళతోపాటే వస్తుంది. “నాకు కులం పట్టింపు లేదు, నా స్నేహితులు అలా కుదిరారంతే” అని మనం నిజాయితీగానే అనుకుంటాం. కానీ పాతికమందికి పాతికమందీ “అలా కుదిరినప్పుడు” మొదట చెప్పిన తీసివేత చేసి చూడాలి.

సన్నని దారాల బలం

సమమైత్రి వల్ల బయటివాళ్ళకే నష్టం అనుకోకండి. లోపలివాళ్ళకీ నష్టమే. మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో బోస్టన్ పక్కన న్యూటన్‌లో తను చేసిన సర్వే వివరాలు ఇచ్చాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని “ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు?” అని అడిగితే, తరచుగా అన్నవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నవాళ్ళు 55.6, అరుదుగా అన్నవాళ్ళు 27.8. కారణం తేలికే. దగ్గరి స్నేహితులకి తెలిసింది మనకీ తెలుసు. కొత్త కబురు తెచ్చేది కొంచెం దూరపువాళ్ళు. 2022లో లింక్‌డ్ఇన్‌లో రెండు కోట్లమందిపై జరిగిన ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. మరీ దగ్గరివాళ్ళకన్నా ఓ మాదిరి పరిచయస్తులే ఉద్యోగం మారటానికి ఎక్కువ పనికొచ్చారని వాటిలోనూ తేలింది.

వాల్డార్ఫ్‌లో ఉద్యోగంకన్నా కష్టమైనది అద్దె ఇల్లు. ఖాళీ అయ్యే ఇళ్ళు చాలామటుకు ప్రకటనదాకా రావు, నోటిమాట మీదే చేతులు మారతాయి. మన గ్రూపుల్లో “ఒకటో తారీఖుకి మా ఫ్లాట్ ఖాళీ” అన్న కబురు ముందు చిన్న గ్రూపులో, తర్వాత పెద్ద గ్రూపులో పడుతుంది. పెద్ద గ్రూపులో పడేసరికి ఇల్లు వెళ్ళిపోయి ఉంటుంది. పైన చెప్పిన సహోద్యోగినికి అయిదు నెలలు ఇల్లు దొరకలేదు. చివరికి ఫోక్స్‌హోఖ్‌షూలేలో, అంటే మునిసిపాలిటీ నడిపే సాయంకాలపు బడిలో, జర్మన్ క్లాసులో పక్కన కూర్చునే టర్కీ ఆవిడ తన ఇంటి ఓనరుకి పరిచయం చేసింది. ఇద్దరి మధ్యా వచ్చీరాని జర్మనే ఉమ్మడి భాష. ఆ సన్నని దారం ఇల్లు ఇప్పించింది. మన మోకు ఇవ్వలేకపోయింది.

ఏం చెయ్యొచ్చు?

“అందరితో కలవండి” అని ఉపన్యాసం ఇస్తే ఎవరూ కలవరు. ఫెల్డ్ చెప్పినట్టు కేంద్రాలు మారాలి. ఎలాంటి కేంద్రాలు? దీనికి జవాబు మనకి బాగా తెలిసిన ఆటలో దొరికింది. మాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులతో చేసిన ప్రయోగాన్ని 2021లో ప్రచురించాడు. క్రికెట్ లీగ్ పెట్టి, కొందరిని ఒకే కులం జట్లలో, కొందరిని కలగలుపు జట్లలో చీటీ వేసినట్టు సర్దాడు, కొందరిని ఆటలో చేర్చలేదు. ఒకే జట్టులో ఆడిన వేర్వేరు కులాలవాళ్ళ మధ్య స్నేహాలు పెరిగాయి, సొంత కులం మీద పక్షపాతం తగ్గింది. ఎదురెదురు జట్లుగా తలపడితే మాత్రం ఆ మేలు జరగలేదు సరికదా, దూరం పెరిగే ధోరణే కనిపించింది. అంటే ఒకే మైదానంలో ఉంటే చాలదు, ఒకే వైపు నిలబడాలి.

దీన్నిబట్టి మన సంఘాలకి నాలుగు చిన్న పనులు తోస్తున్నాయి. మొదటిది, పండగ వంటకి, స్టేజీకి, పిల్లల నాటకానికి జట్లు వేసేటప్పుడు చీటీలు తియ్యండి. “నువ్వూ మీవాళ్ళూ చూసుకోండి” అనకండి. రెండోది, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇల్లు, డాక్టరు, బడి సమాచారం అందరికీ కనిపించే ఒకేచోట, ఒకేసారి పెట్టండి. మూడోది, పరిచయాల్లో ఇంటిపేరు ప్రశ్న మానేసి “ఇక్కడ ఏం బాగుంది, ఏం ఇబ్బందిగా ఉంది?” అని అడగండి. నాలుగోది, ప్రతి ఇంటినుంచి ఒక్కరైనా మనవాళ్ళు లేని ఒక జర్మన్ సంఘంలో చేరండి. ఫుట్‌బాల్ క్లబ్బు కావచ్చు, పాటల బృందం కావచ్చు, స్వచ్ఛంద అగ్నిమాపక దళం కావచ్చు. ఇక్కడ ఊరు నడిచేది వాటి మీదే.

తెలుగులో మాట్లాడుకోవాలన్న ఆకలి తప్పు కాదు. చలికాలం నాలుగున్నరకే చీకటి పడే దేశంలో అది అన్నం లాంటిది. ఆ గూడు ఉండాలి. గూటిలోకి ఎవర్ని రానిస్తున్నామో, గూడు దాటి ఎంత దూరం ఎగురుతున్నామో ఏడాదికొకసారి లెక్క చూసుకుంటే చాలు. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు ఎలాగూ వింటాం కదా, స్నేహాల పద్దు కూడా ఆ రోజే ఒకసారి తిరగేద్దాం.